రెండు రెక్కల తేనెటీగ

చెంగల్వరాయుడి మీద నాకుండే ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఇంత గొప్పవాడు అవుతాడని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పింటే నా చామంతి తోట చుట్టూ ముళ్ళకంప కొట్టి, గేటుకు తాళం వేసి, తాళంచెవి బావిలో పారేసి ఉందును.

ఆయన నాకు పరాయివాడు కాదు. నా పెండ్లాం వనజాక్షికి చిన్నాయన కొడుకు. నన్ను బావా అంటాడు. పార్టీలో మా పంచాయతీ యూనియన్‌కు, అంటే ఆంధ్రాలో సమితి అంటారే దానికి, సెక్రటరీ. పార్టీ పేరు రాయను. నేను రాసి, మీరు అచ్చేసి, జనం చదివేలోపల ఆయన ఇంకో పార్టీలో ఉంటే నేను అబద్ధం రాసినట్టవుతుంది.

నా పేరు పెరుమాళ్. తిరువాలంగాడు స్టేషన్‌కు రెండు మైళ్ళు మా ఊరు. బావి పక్కన చామంతి తోట. ఎంత తోట అనేది చివర రాస్తాను. నేను ఎంత చదివినాను అనేది కూడా చివరనే రాస్తాను. రెండూ ఒకే రోజు తేలినాయి.

ప్రతి డిసెంబరు ముప్ఫై ఒకటిన తిరుత్తణి కొండకు మెట్ల పండగ జరుగుతుంది. మున్నూట అరవై ఐదు మెట్లు. మెట్టుకింత పసుపు, కుంకుమ, పువ్వు. ఆ పువ్వుల్లో నా చామంతులు ఉంటాయి. ఆ ఒక్క పండగకు పోయే పువ్వుతోనే మా ఇంట్లో వచ్చే ఏడు నడుస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోకనే ఇదంతా రాయవలసి వచ్చింది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, వానలు ఆగిన ఒక సోమవారం, రైల్వే గేటు దగ్గర మైకు పెట్టి చెంగల్వరాయుడు ప్రకటన చేసినాడు.

“పెద్దలారా! మన యూనియన్ ఇక మీద ఉత్త యూనియన్ కాదు. తేనె యూనియన్! ఇంకొక సంవత్సరం. మన ఊర్లో కొళాయి తిప్పితే తేనె కారాల. కారుతుంది!”

పదకొండు మంది చప్పట్లు కొట్టినారు. మా ఊర్లో కొళాయి లేదు. మా ఏటి నీళ్ళు పూండి రిజర్వాయరుకు పోయి, అక్కణ్ణుంచి మద్రాసు కొళాయిల్లోకి పోతాయి. అందువల్ల కొళాయిలో ఏం కారినా మాకు ఒకటే. మేము నిజాయితీగా కొట్టిన చప్పట్లవి.

ప్రకటనకు ఆధారం లేకపోలేదు. యూనియన్‌కు వంద తేనె పెట్టెలు శాంక్షన్ అయినాయి. పెట్టెలది ఒక ఫైలు, తేనెటీగలది ఇంకొక ఫైలు. పెట్టెల ఫైలు ముందు కదిలింది. లారీలో దిగిన వంద పెట్టెలూ చెంగల్వరాయుడి ఇంటి ముందర నెల రోజులు ఉన్నాయి. కొన్నిట్లో కోళ్ళు గుడ్లు పెట్టినాయి. అది కూడా ఉత్పత్తే గనక ఎవరూ తప్పు పట్టలేదు.

ఆయన ప్రతిభ గురించి రెండు మాటలు రాయాల. తేనె శాఖ చూసే మంత్రిగారు ఎట్లుంటే ఈయన అట్లుంటాడు. మంత్రిగారు చారల శాలువా కప్పుకొంటే ఈయనా చారల శాలువా. మంత్రిగారికి దగ్గు వచ్చిన వారం ఈయనా దగ్గినాడు. మంత్రిగారు కళ్లద్దాలు పెట్టుకొన్నాక ఈయనా పెట్టుకొన్నాడు. మంత్రిగారివి పవర్ అద్దాలు, ఈయనవి కిటికీకి వేసే అద్దం కోయించినవి. తిరువళ్ళూరు బస్టాండులో దిగితే పోలీసు కానిస్టేబుళ్ళు రెండుసార్లు సెల్యూట్ కొట్టినారు. మూడోసారి తెలిసిపోయింది. అయినా అలవాటైపోయి కొట్టినారు.

ప్రకటన చేసిన మర్నాడు పొద్దున ఆయన నా తోటకు వచ్చినాడు. మొగ్గలు విచ్చే కాలం. పూల మీద ఈగలు. పసుపు నడుము, దాని మీద నల్ల పట్టెలు. గాల్లో మేకు కొట్టినట్టు ఒకేచోట నిలబడతాయి, రెప్ప వేసి తీసేలోపల ఇంకోచోట ఉంటాయి. మా అమ్మ వాటిని పూలీగలు అనేది. తేనెటీగ వేషం వేసుకొనింటాయి, అంతే. కుట్టవు. తేనె పెట్టవు. కానీ వాటి పిల్ల ఉంది చూడండి, ఆకు కింద పచ్చగా, తలా తోకా తెలీకుండా, అన్నం మెతుకంత పురుగు. చామంతికి పట్టే పేనును అది ఒకటొకటే పట్టి, పీల్చి, తొక్క పారేస్తుంది. పూలీగ తిరిగే తోటలో మందు కొట్టొద్దురా అనేది అమ్మ. నేనూ కొట్టింది లేదు.

“బావా, ఏందివి?” అన్నాడు చెంగల్వరాయుడు.

“ఈగలు.”

“ఈగలంటే?”

“ఈగలంటే ఈగలే. నీ కాఫీలో పడతాయే, వాటికి దాయాదులు.”

“తేనెటీగల మాదిరి ఉండాయి కదా?”

“మాదిరి ఉండాయి. తేనెటీగలు కావు.”

ఆయన నా భుజం మీద చెయ్యి వేసినాడు. “బావా, నువ్వు రాజకీయం తెలీక మాట్లాడతాండావు. నన్ను చూడు. తిరువళ్ళూరులో పోలీసోళ్ళు ఎందుకు సెల్యూట్ కొట్టినారు? నేను మంత్రినా?”

“కాదు.”

“మంత్రి మాదిరి ఉండాను. చాలలేదా?”

నేను వంగి పాదుల్లో కలుపు పీకినాను.

ఆయన పూల మధ్యలో చెయ్యి పెట్టినాడు. ఒక పూలీగ వచ్చి వేలి మీద వాలి, చెమట నాకి, లేచిపోయింది. ఆయన కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

“కుట్టలేదు బావా! వేరే యూనియన్లలో తేనెటీగలు కుడతాయి. మన యూనియన్ తేనెటీగలు అహింసా జాతి!”

ఆ వారమే ఆయన ఇంటి తిన్నె మీద తేనె సొసైటీ పుట్టింది. ప్రెసిడెంటు ఎవరనే మాట రాకముందే ఆయన లేచి నాకు పొన్నాడ కప్పినాడు. జరీ అంచు శాలువా. ఒక మూల సాంబారు మరక ఉంది. అంతకు ముందు వారం సభలో అదే పొన్నాడ ఆయన భుజం మీద చూసినాను, మరక అప్పుడూ ఉంది. అయినా నా భుజం మీద పడగానే మెడ రెండంగుళాలు పెరిగింది. నలభై ఎనిమిదేండ్ల వయసులో మెడ పెరగడం చిన్న విషయం కాదు.

“రూల్సు రాయాల. ప్రెసిడెంటుకు ఏం అర్హత పెడదాం?” అన్నాడు చెంగల్వరాయుడు.

మా పక్క తోట ఎల్లప్ప ఓ మూల కూర్చొని ఉన్నాడు. వేలిముద్ర మనిషి. “తేనె తుట్టెను ఒకసారైనా కళ్ళారా చూసినోడై ఉండాల,” అన్నాడు.

అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఎల్లప్పకు తేనె కొట్టడం తెలుసు. చిన్నప్పటి నుంచి తుట్టెలు కొట్టి చేతులంతా కుట్లు పడినవాడు. ఆ లెక్కన చూస్తే పొన్నాడ నా భుజం నుంచి వాడి భుజానికి పోతుంది. నేను లేచి నిలబడినాను.

“ఆఫీసర్లు వస్తారు, మంత్రులు వస్తారు. చదువుకొన్నోడు ఉండాల. కనీసం ఎనిమిదో క్లాసు పాసై ఉండాలని రాయి,” అన్నాను.

ఊర్లో అందరికీ నేను ఎనిమిది పాసని తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా నేనే చెప్తా వచ్చినాను. ఎల్లప్ప నన్ను ఒకసారి చూసి, తల వంచుకొని, తుండుగుడ్డ దులుపుకొన్నాడు.

“బావా, నీకు దూరదృష్టి ఉండాది,” అన్నాడు చెంగల్వరాయుడు, కిటికీ అద్దాల్లోంచి నన్ను చూస్తూ. ఏడో రూలుగా రాసినాడు.

తరవాత తెలిసింది, సొసైటీకి సొంత భూమి ఉంటేనే మంత్రి వస్తాడని. చెంగల్వరాయుడు మా ఇంటికొచ్చి విషయం చెప్పినాడు.

“తోటను సొసైటీ ప్రెసిడెంటు పేరున రాసిస్తావు. ప్రెసిడెంటు ఎవురు? నువ్వే. అంటే నువ్వు ఇచ్చి, నువ్వే పుచ్చుకొంటావు.”

వనజాక్షి చేట పక్కన పెట్టింది. “ఒరే రాయుడూ, ఆయనది ఆయనకే రాసిచ్చేదానికి తిరుత్తణి దాకా ఎందుకురా? ఇంట్లోనే గమ్మున కూర్చొనుంటే సరిపోదా?”

“అక్కా, గవర్నమెంటు కంటికి కనపడాల కదక్కా.”

“గవర్నమెంటు కంటికి కనపడకుండా ఉండబట్టే ఇన్నాళ్ళు తోట ఉండాది.”

ఆడవాళ్ళకు పరిపాలన తెలీదని మేమిద్దరం నవ్వుకొన్నాము. తిరుత్తణి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చేదెవరని అడిగినారు. నేనన్నాను. పుచ్చుకొనేదెవరని అడిగినారు. నేనన్నాను. రిజిస్ట్రారు తలెత్తి నన్ను కింద నుంచి పై దాకా చూసి, “నీకు సమ్మతమేనా?” అని రెండుసార్లు అడిగినాడు. ఒకసారి ఇచ్చేవాణ్ణి, ఒకసారి పుచ్చుకొనేవాణ్ణి. ఇద్దరికీ సమ్మతమే. పత్రంలో తోట “ప్రెసిడెంటుగా అప్పటికి ఎవరుంటే వారికి” అని ఉంది. అప్పటికి నేనే ఉన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వనజాక్షి కిటికీ బయటకే చూస్తా కూర్చొనింది. “కుడిచేతి నుంచి ఎడమచేతికి మారింది, అంతే కదా,” అన్నాను.

“ఎడమ చెయ్యి నీదేనని గ్యారంటీ యాడుండాది?” అనింది.

నవంబరు నెలలో ఇన్‌స్పెక్షన్‌కు ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు గుర్నాథం వచ్చినాడు. పాపం, చదువుకొన్న మనిషి. భూతద్దం తెచ్చుకొన్నాడు. పూలీగను సీసాలో పట్టి చాలాసేపు చూసినాడు.

“సార్, ఇది తేనెటీగ కాదు. తేనెటీగకు నాలుగు రెక్కలు. దీనికి రెండే.”

చెంగల్వరాయుడు కళ్లద్దాలు సర్దుకొన్నాడు. “మిగతా రెండూ వచ్చే బడ్జెట్‌లో శాంక్షన్ చేయిస్తాను. ఇప్పటికి నాలుగని రాయండి.”

“కళ్ళు చూడండి సార్. తలంతా కళ్ళే. ఇది ఈగ.”

“గుర్నాథం సార్, మీ సొంతూరు యాడ?”

“ఆరంబాక్కం.”

“ఇక్కణ్ణుంచి ఆదివారం ఇంటికి పోయి రావచ్చు. రామనాథపురం నుంచి అయితే కష్టం కదా?”

గుర్నాథం భూతద్దం తుడిచి జేబులో పెట్టుకొన్నాడు. రిపోర్టులో “నాలుగు రెక్కలు. వాటిలో రెండు పరిశీలనలో ఉన్నవి” అని రాసినాడు. అంత చక్కని ఆఫీసు భాష నేను మళ్ళీ చదవలేదు.

“మొత్తం ఎన్ని ఉంటాయి సార్? సంఖ్య రాయాల.”

“మన యూనియన్‌లో ఓట్లెన్ని?” అని అడిగినాడు చెంగల్వరాయుడు నన్ను.

“నలభై రెండు వేలు.”

“ఓటుకు పది వేసుకోండి.”

నాలుగు లక్షల ఇరవై వేలని గుర్నాథం రాసుకొన్నాడు. రాసేటప్పుడు ఆయన మీసం కదిలింది. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు.

పోయేటప్పుడు బావి దగ్గర నన్ను పక్కకు పిలిచినాడు. “పెరుమాళ్, నీకు తేనెటీగ కంటే ఇదే మేలు. ఒక్కొక్క పిల్లపురుగు పెద్దయ్యేలోపల మున్నూరు పేన్లు తింటుంది. నీ తోట ఇంత బాగుండేది వీటి వల్లనే. ఒక్క పని చెయ్యి. మందు మాత్రం కొట్టనీయొద్దు.”

“ఆ మాట రిపోర్టులో రాయగూడదా సార్?”

“పేను తినేదానికి స్కీము లేదప్పా.”

డిసెంబరు మొదటి వారంలో మంత్రి పర్యటన ఖాయమైంది. ముందు రోజు చెంగల్వరాయుడు పోస్టాఫీసు నుంచి పరుగెత్తుకొంటా వచ్చినాడు. మద్రాసు నుంచి మంత్రిగారి పి.ఏ. ఫోను చేసినాడంట.

“బావా, మంత్రిగారికి చిన్నప్పుడు ఏదో కుట్టి మూతి వాచిందంట. అప్పట్నుంచి భయమంట. పి.ఏ. గట్టిగా చెప్పినాడు. మంత్రిగారు తేనెటీగల్ని చూడాల. తేనెటీగలు మంత్రిగార్ని చూడగూడదు.”

“అదెట్ల రాయుడూ?”

“పొడి చల్లేస్తే సరి.”

“ఇవి కుట్టవని నువ్వే కదా ప్రకటించింది?”

“జనానికి ప్రకటించినాను. మంత్రికి ఎట్ల ప్రకటించేది?”

సాయంకాలం నలుగురు మనుషులు మూతికి గుడ్డ కట్టుకొని, పురుగుల పొడి చల్లే డబ్బాలు వీపుకు తగిలించుకొని వచ్చినారు. వనజాక్షి చీపురు పట్టుకొని గేటుకు అడ్డంగా నిలబడింది.

“ఇంకా ఇరవై ఐదు దినాలుండాది మెట్ల పండక్కి. పొడి చల్లితే ఈగ చస్తుంది. ఈగ చస్తే పేను పడుతుంది. లోపల అడుగు పెట్టినోడి కాళ్ళిరగ్గొడతా,” అనింది.

మనుషులు వెనక్కి తగ్గినారు. చెంగల్వరాయుడు కూడా తగ్గినాడు. ఆమె అక్క కదా. ఆ రోజు అక్కడ ఆమె ఒక్కతే ఉండింటే మా తోట బతికి ఉండును.

నేను ఆ పక్కనే మా సొసైటీ శంకుస్థాపన రాయి తుడుస్తున్నాను. దాని మీద నా పేరు చెక్కిండారు. మంత్రి పేరు కంటే చిన్న అక్షరాలు, చెంగల్వరాయుడి పేరు కంటే చిన్న అక్షరాలు, చెక్కినవాడి పేరు కంటే మాత్రం పెద్దవి. సొసైటీ ప్రెసిడెంట్ పెరుమాళ్. గుడ్డ పక్కన పెట్టి లేచినాను.

“వనజా, పక్కకు రా. ప్రోగ్రాం,” అన్నాను.

ఆమె నన్ను చూసింది. చీపురు కింద పెట్టింది. పక్కకు వచ్చింది.

పొద్దు గుంకేలోపల తోటంతా తెల్లగా అయింది. చామంతి పాదుల కింద పూలీగలు వెల్లకిలా పడి ఉన్నాయి. దోసిట్లో ఎత్తి చూసినాను. ఏమీ బరువు లేదు.

మర్నాడు మంత్రిగారు దిగినారు. తేనె యూనియన్‌లో ఒక్క ఈగ లేదు. ఎప్పుడూ ఉండే ఇంటి ఈగలు కూడా పోయినాయి. వంద పెట్టెలు రంగు వేసుకొని వరసగా కూర్చొని ఉన్నాయి, లోపల ఏమీ లేకుండా. నాకు చెమట పట్టింది. చెంగల్వరాయుడికి పట్టలేదు. మైకు సెట్టు ధనకోటి భజనలకు శ్రుతిపెట్టె కూడా వాయిస్తాడు. చెంగల్వరాయుడు ఆయన్ని నాలుగో పెట్టె వెనక ఈతచాప కప్పి కూర్చోబెట్టినాడు. తిత్తి నొక్కుతుంటే జుమ్మని ఒకటే నాదం.

మంత్రిగారు ఆరడుగుల దూరం నుంచి చెవి ఒగ్గి విన్నారు. “ఆహా!” అన్నారు తమిళంలో. “ఎంత క్రమశిక్షణ! అన్నీ ఒకే శ్రుతిలో ఉన్నాయే!”

“మన పార్టీ మాదిరి సార్,” అన్నాడు చెంగల్వరాయుడు.

అప్పుడే పొడి ఘాటుకు ధనకోటి పెద్దగా తుమ్మినాడు. నాదం ఆగింది. మంత్రిగారు పి.ఏ. వెనక్కి పోయినారు.

“ఏందది?”

“రాణీ ఈగ సార్. మీకు వణక్కం చెప్తాంది.”

మంత్రిగారు నాలుగో పెట్టెకు తిరిగి వణక్కం పెట్టినారు. జుమ్మని మళ్ళీ మొదలైంది. జనం చప్పట్లు కొట్టినారు. తిరుత్తణి అంగట్లో కొన్న తేనె సీసాను మా సొసైటీ మొదటి తేనె అని ఆయన చేతికిచ్చినారు. కప్పేదానికి పొన్నాడ తేవడం మరిచిపోయినారు. చెంగల్వరాయుడు ఏమాత్రం తడబడకుండా నా భుజం మీద పొన్నాడ లాగి, మరక లోపలికి మడిచి మంత్రిగారికి కప్పినాడు.

మంత్రిగారు మాట్లాడినారు. “కుట్టదు, కరవదు, ఎగరనైనా ఎగరదు, కానీ ఎప్పుడూ శబ్దం చేస్తుంది. దేశానికి ఈ రోజు అవసరమైన జాతి ఇదే!”

నేనూ చప్పట్లు కొట్టినాను. నా పేరు రాయి మీద ఉంది కదా.

పొడి చల్లినందుకు పేను కూడా చచ్చింది. న్యాయం రాయాల కదా. కానీ పేను వారానికి తిరిగొచ్చింది. పూలీగ రాలేదు. పదిహేను దినాలకు కాడలు నల్లగా పేనుతో నిండినాయి. మొగ్గలు ముడుచుకొన్నాయి. ఆకులన్నీ జిడ్డుగా మెరుస్తూ, బంకగా ఏదో కారుతూ, చీమలు బారులు బారులుగా. వనజాక్షి తడిగుడ్డ తీసుకొని ఒక్కొక్క మొగ్గా తుడిచేది. ఈ కొస నుంచి ఆ కొసకు పోయేలోపల ఈ కొసలో మళ్ళీ నల్లబడేది. నాతో మాట్లాడేది కాదు. నేను గుడ్డ తడిపి ఇచ్చేవాణ్ణి. ప్రెసిడెంటు స్థాయికి తగిన పని అదొక్కటే మిగిలింది.

అట్లాంటి పొద్దున చెంగల్వరాయుడు వచ్చినాడు. ఆకును వేలితో ముట్టుకొని, వేలు నోట్లో పెట్టుకొన్నాడు.

“బావా! తియ్యగా ఉండాదే!”

“ఉమ్మెయ్యి రాయుడూ. అది పేనుది. దాని వెనక నుంచి వచ్చేది.”

ఆయన ఆగినాడు. నాలుకతో పెదాలు తుడుచుకొన్నాడు. ఇంకొక ఆకు ముట్టుకొన్నాడు.

“వెనక నుంచి వస్తే ఏం, ముందు నుంచి వస్తే ఏం? ఉత్పత్తి ఉత్పత్తే.”

“ఒరే, నీకు చేతులెత్తి మొక్కుతా,” అనింది వనజాక్షి, పొడి చల్లిన నాటి నుంచి మొదటిసారి గొంతెత్తి. “తోట పోతాంది రా. మెట్లకు పూలు లేవురా!”

“అక్కా, నువ్వు పూలు చూస్తాండావు. నేను తేనె చూస్తాండాను,” అన్నాడు ఆయన. కిటికీ అద్దాలు మెరిసినాయి.

ఆ సాయంకాలం రైల్వే గేటు దగ్గర మళ్ళీ మైకు. “పెట్టె లేకుండా, ఈగ లేకుండా, నేరుగా ఆకు మీద తేనె! ప్రపంచంలో యాడా లేదు!” నా తోట ఆకులు కోసి నీళ్ళలో కడిగి, ఆ నీళ్ళు కాచి, సీసాలో పోసి మద్రాసుకు పంపినాడు. నాలుగో రోజు తంతి వచ్చింది. మంత్రిగారు రుచి చూసినారంట. మొదటి సీసా కంటే ఇది బాగుందన్నారంట.

ఉత్పత్తి మొదలైన సొసైటీ గనక రికార్డులన్నీ సరిగా ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది. డిసెంబరు ముప్ఫైన తిన్నె మీద మీటింగు. చెంగల్వరాయుడి చేతిలో నేను చదివిన బడి నుంచి వచ్చిన కవరు ఉంది. చదవడానికి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టినాడు.

“పెరుమాళ్. ఐదో క్లాసు మధ్యలో నిలిచిపోయినాడు. బడి పలక ఒకటి తిరిగి ఇవ్వలేదు.”

తిన్నె మీద ఎవరూ నవ్వలేదు. నవ్వింటే బాగుండేది.

“నాకెంత బాధగా ఉండాదో దేవుడికి తెలుసు బావా,” అన్నాడు చెంగల్వరాయుడు. ఆయన గొంతు నిజంగానే వణికింది. మంత్రిగారి గొంతు అట్నే వణుకుతుంది. “కానీ ఏడో రూలు. నువ్వు పెట్టిందే.”

“నువ్వు ఎంత చదివినావు?” అన్నాను. ఏదో ఒకటి అనాల కదా.

ఆయన సంచిలోంచి ఎస్సెల్సీ ఫెయిలైనట్టు ఒరిజినల్ సర్టిఫికెట్ తీసినాడు. మూడుసార్లు ఫెయిలైనాడు, మూడు సర్టిఫికెట్లు. ఎనిమిది దాటకుండా ఎస్సెల్సీ ఫెయిలు కావడం ఎవరి వల్లా కాదు. ఆయన ఏకగ్రీవంగా ప్రెసిడెంటు అయినాడు, పత్రం ప్రకారం తోట కూడా ఆయన చేతికి పోయింది. చేతులెత్తమన్నప్పుడు నేనూ ఎత్తినాను. అలవాటు.

ఎల్లప్ప నాతోపాటు ఇంటి దాకా నడిచి వచ్చినాడు. సందు మలుపులో ఆగినాడు.

“పెరుమాళ్, మనిద్దరం ఒకే దినం బడి మానేసినాము, నేను అక్షరాలు కూడా మరిచిపోయినాను. ఆ పలక నా దగ్గరుండాది. ముప్ఫై ఏండ్లు నీ ఎనిమిదో క్లాసును నేను కాపాడుకొంటా వచ్చినాను. ఒక్కరికీ చెప్పలా. నువ్వే దాన్ని తీసుకొచ్చి రూల్లో పెట్టుకొంటివే.”

ఎల్లప్ప తోటలో ఎవరూ పొడి చల్లలేదు. ఆయన సొసైటీలో ఎవరూ కాదు గనక. మర్నాడు మున్నూట అరవై ఐదు మెట్లకూ ఆయన చామంతులే పోయినాయి.

జనవరి ఇరవై ఆరున తిరువళ్ళూరులో చెంగల్వరాయుడికి సన్మానం జరిగింది. ఆకు మీద తేనె కనిపెట్టినందుకు. నేనూ పోయినాను. మంత్రిగారు స్వయంగా పొన్నాడ కప్పినారు. నేను మొదటి వరసలో ఉన్నాను గనక అంచు బాగా కనపడింది. సాంబారు మరక అట్నే ఉంది.

ఈ ఏడు ఆయన సొసైటీ తోటలో మళ్ళీ చామంతి పెట్టించినాడు. పొడి చల్లడం మాన్పించినాడు. పూలీగలు తిరిగొచ్చినాయి, గాల్లో మేకు కొట్టినట్టు నిలబడుతున్నాయి. లెక్కలో ఇప్పటికీ నాలుగు లక్షల ఇరవై వేలే. వనజాక్షి పొద్దున్నే అక్కడికి పూలు కోసే కూలికి పోతుంది. నేను కంచె దాకా పోయి క్యారియర్ ఇచ్చి వస్తాను. లోపలికి రానిస్తారు గానీ నేను పోను. ఒక్కొక్కసారి ఒక పూలీగ కంచె దాటి వచ్చి నా మూతి ముందర నిలబడి, కాసేపు చూసి, పువ్వు కాదని తెలుసుకొని వెళ్ళిపోతుంది.

చదువు ఎంతనేది రాసేసినాను. తోట ఎంతనేది చివర రాస్తానన్నాను. సర్వే నెంబరు నూట పద్నాలుగులో రెండో బి. బావిలో మూడో వంతు పాలు. ముప్ఫై ఏడున్నర సెంట్లు.